కొత్త ఊపిరితిత్తి తయారీ – 4వ పాఠం: చట్రాన్ని పరీక్షించడం

పోయిన పాఠంలో పంది ఊపిరితిత్తిలోకి పుపుస ధమని (గుండె నుంచి ఊపిరితిత్తికి రక్తం తెచ్చే నాళం) గుండా డిటర్జెంటు ద్రావణం పంపి, కణాలను కరిగించి కడిగేశాం. ఇప్పుడు మిగిలింది కొలాజెన్, ఎలాస్టిన్, లామినిన్ వంటి ప్రొటీన్లు అల్లుకున్న తెల్లని చట్రం. మనిషి కణాలను నాటేది దీనిమీదే. నాటే ముందు ఇది పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఈసారి నేర్చుకుందాం.

రంగును నమ్మకండి. రక్తం పోగానే ఊపిరితిత్తి పాలిపోతుంది, కణాలు మాత్రం లోపలే ఉండొచ్చు. కణాలు ఎంత మిగిలాయో తెలియాలంటే వాటిలోని డీఎన్‌ఏను కొలవాలి. 2011 నుంచి చాలామంది పాటిస్తున్న హద్దులు ఇవి: ఎండిన కణజాలం మిల్లీగ్రాముకు 50 నానోగ్రాములలోపు డీఎన్‌ఏ, మిగిలిన ముక్కల పొడవు 200 క్షారజతలలోపు (క్షారజత అంటే డీఎన్‌ఏ నిచ్చెనలో ఒక మెట్టు), సూక్ష్మదర్శినిలో కేంద్రకాలు కనిపించకపోవడం.

20 మిల్లీగ్రాముల ఎండు నమూనాలో 1.4 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ తేలిందనుకుందాం. అంటే 1,400 నానోగ్రాములు. 20తో భాగిస్తే 70. హద్దు దాటింది, ఇంకా కడగాలి. నమూనాలు ఒకేచోట తీయకండి. శ్వాసనాళం దగ్గర ఒకటి, అంచుల్లో కొన్ని, పైభాగంలో, అడుగున వేర్వేరుగా తీయండి. ఒక్క గాలిబుడగ సన్నని నాళానికి అడ్డుపడినా దాని అవతలి భాగానికి ద్రావణం సరిగా అందదు. సగటు చూస్తే ఆ లోపం బయటపడదు.

ఇంకా కడగాలన్నాను కదా, దానికీ హద్దుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చట్రాన్ని పాడుచేసుకునేది ఇక్కడే. ఎస్‌డీఎస్ లాంటి బలమైన డిటర్జెంటు కణాలతోపాటు ఎలాస్టిన్‌నూ లాగేస్తుంది. ఎలాస్టిన్ తగ్గిన ఊపిరితిత్తి గాలి నింపితే ఉబ్బుతుంది, తిరిగి సరిగా ముడుచుకోదు. పైగా చట్రంలో నిలిచిపోయిన డిటర్జెంటు రేపు నాటబోయే కణాలను చంపేస్తుంది. డీఎన్‌ఏ మిల్లీగ్రాముకు 5 నానోగ్రాముల దాకా తగ్గి ఎలాస్టిన్ చిరిగిన చట్రం కన్నా, డీఎన్‌ఏ 45 ఉండి ఎలాస్టిన్ నిలిచిన చట్రాన్నే నేను ఎంచుకుంటాను. అందుకే ప్రతి నమూనాలో ఒక ముక్కకు ఎలాస్టిన్ పోగులు కనిపించేలా రంగు వేసి చూడాలి.

డీఎన్‌ఏ పరీక్ష పట్టుకోలేనిది ఒకటుంది: ఆల్ఫా-గాల్ అనే చక్కెర. పంది ప్రొటీన్లకు ఇది అంటుకుని ఉంటుంది, కణాలు పోయినా చట్రంలో మిగలొచ్చు. మన రక్తంలో దీనికి ఎదురుతిరిగే ప్రతిరక్షకాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఈ చక్కెరను తయారుచేసే జన్యువును తొలగించిన పందుల నుంచి ఊపిరితిత్తి తీసుకుంటే ఆ చిక్కు తప్పుతుంది.

చివరిది కారుడు పరీక్ష. పుపుస ధమనిలోకి మెరిసే సూక్ష్మ పూసలు పంపి, అవి వాయుకోశాల్లోకి వస్తున్నాయేమో చూడాలి. గాలికీ రక్తానికీ మధ్య తెర చాలాచోట్ల ఒక మైక్రోమీటరు మందం కూడా ఉండదు. 2010లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం, మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి బృందాలు ఇలా తయారుచేసిన ఊపిరితిత్తులను ఎలుకలకు అమర్చాయి. అవి వాయువులను మార్చుకున్నాయి, అయితే కొన్ని గంటలకు మించి నిలవలేదు. తెర ఎంత బిగువుగా ఉండాలో అక్కడే తెలిసింది.

అభ్యాసం: 15 మిల్లీగ్రాముల నమూనాలో 0.6 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ ఉంది, అంచుల్లో ఎలాస్టిన్ పోగులు తెగి ఉన్నాయి. ఈ చట్రాన్ని ఉంచుతారా, పక్కన పెడతారా? కారణంతో రాసుకోండి. 5వ పాఠంలో ముందు దీన్ని సరిచూసి, తర్వాత ధమని గుండా రక్తనాళ కణాలను నాటడం మొదలుపెడదాం.