పూర్వ పరిశోధనల సమీక్ష: నా అధ్యాయం ఎలా గాడిన పడింది

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం నల్గొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్‌పై వచ్చిన పరిశోధనల సమీక్ష రాశాను. మా గైడ్ మూడో పేజీలో వరుసగా ఐదు పేరాల మొదటి మాట కింద ఎర్ర గీత గీసి ఇచ్చారు. అన్నీ రచయితల పేర్లే. ఫలానావారు ఇలా అన్నారు, మరొకరు అలా అన్నారు. ఆ మాటలకు ఒకదానితో ఒకటి పొత్తే లేదు.

చార్టు కాగితం మీద పట్టిక గీశాను. ఒక్కో వ్యాసానికి ఒక అడ్డు వరుస. నిలువు గళ్లలో ప్రాంతం, నమూనాలు తీసిన కాలం, కొలిచిన పద్ధతి, తేలిన విషయం. కాలం గడి నింపుతుండగానే అసలు సంగతి బయటపడింది. పరస్పరం విరుద్ధమనుకున్న రెండు వ్యాసాల్లో ఒకటి వానలకు ముందు తీసిన నీళ్లది, మరొకటి వానల తర్వాతది!

ఇక పేర్లను వదిలి ప్రశ్నలను బట్టి పేరాలు కట్టాను: ఫ్లోరైడ్ ఏ రాళ్ల నుంచి వస్తోంది, తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు ఎక్కడ దాటుతోంది, పటిక, సున్నంతో శుద్ధి చేసే నల్గొండ పద్ధతి ఎంతవరకు పనిచేస్తోంది.

ఒక తప్పు మాత్రం ఆలస్యంగా దిద్దుకున్నాను. నెల్లూరు ప్రాంతపు ఫ్లోరోసిస్‌పై (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) 1937లో వచ్చిన వ్యాసాన్ని చదవకుండానే, ఎవరో ఉదహరించిన వాక్యాన్ని ఎత్తి రాశాను. మనసొప్పలేదు. లైబ్రరీ ద్వారా అసలు ప్రతి తెప్పించుకుని చదివి, ఆ పేరా మొత్తం తిరగరాశాను. దానికే రెండు రోజులు పట్టింది.