బెంగా, బిళ్ళా? పిల్లల ఎలర్జీ మాత్ర విషయంలో అమెరికాకు కొత్తగా వచ్చినవారికి సూచనలు

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పిల్లలతో అమెరికాకు బయలుదేరే కుటుంబాల పెట్టెల్లో పచ్చళ్ళు, పొడుల పక్కన ఒక మందుల సంచి తప్పకుండా ఉంటుంది. అందులో పారాసిటమాల్‌తో పాటు తుమ్ములకూ ముక్కు కారడానికీ వాడే మాంటెయిర్ ఎల్‌సీ, మాంటెక్ ఎల్‌సీ వంటి మాత్రలు కూడా చాలామంది పెట్టుకుంటారు. ఇవి రెండు మందులు కలిపి చేసిన మాత్రలు. ఒకటి లీవోసెటిరిజిన్, రెండోది మాంటెలుకాస్ట్. మన దగ్గర వీటిని జలుబు మాత్రలంత తేలికగా చూడడం అలవాటైపోయింది గానీ, అమెరికాలో మాంటెలుకాస్ట్‌ను డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు, ఇచ్చేటప్పుడు ఒక హెచ్చరిక కాగితం జత చేస్తారు. ఆ కాగితంలో ఏముందో, కొత్తగా వచ్చిన కుటుంబానికి అది మిగతావారి కన్నా ఎక్కువగా ఎందుకు అవసరమో చెప్పడానికే ఈ సూచనలు.

సింగులేర్ అనే పేరుతో 1998లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాంటెలుకాస్ట్ ఉబ్బసాన్ని అదుపులో ఉంచడానికీ, ఎలర్జీ వల్ల వచ్చే తుమ్ములు, ముక్కుదిబ్బడ తగ్గించడానికీ పనిచేస్తుంది. దీన్ని వాడుతున్నవారిలో ప్రవర్తన మారుతోందన్న ఫిర్యాదులు ఏళ్ళ తరబడి వస్తూ ఉండడంతో, 2020 మార్చిలో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మందుల కాగితాల మీద నల్లగీతల పెట్టెలో ముద్రించే హెచ్చరికను దీనికి తప్పనిసరి చేసింది. ఆ సంస్థ ఇచ్చే హెచ్చరికల్లో అంతకన్నా తీవ్రమైనది లేదు. కేవలం తుమ్ములు, ముక్కు కారడం వంటి బాధలకైతే, ఇతర మందులు పనిచేయనప్పుడో సరిపడనప్పుడో మాత్రమే దీన్ని వాడాలని కూడా అప్పుడే చెప్పింది.

నమోదైన మార్పుల్లో పీడకలలు, నిద్ర పట్టకపోవడం, నిద్రలో నడవడం, కారణం లేని చిరాకు, కొట్టడం, విసిరేయడం, ఆందోళన, దిగులు, ఏకాగ్రత తప్పడం, నత్తి, లేనివి కనిపించడం ఉన్నాయి. అరుదుగానైనా ఆత్మహత్య ఆలోచనలు కూడా ఉన్నాయి. పెద్దల్లోనూ ఇవి కనిపించాయి. అంతకు ముందు ఏ మానసిక సమస్యా లేనివారిలోనూ కనిపించాయి. చాలామందికి మాత్ర మానేస్తే తగ్గిపోయినా, కొందరికి మానిన తరువాత కూడా కొంతకాలం కొనసాగాయి, కొందరికైతే మానిన తరువాతే మొదలయ్యాయి. మరోవైపు, లక్షలాది పిల్లలు ఏ ఇబ్బందీ లేకుండా ఈ మాత్ర వాడుతున్నారనీ, ఉబ్బసానికే వాడే పీల్చే స్టెరాయిడ్లతో పోల్చి ఎఫ్‌డీఏ చేయించిన పరిశీలనలో ఆసుపత్రిలో చేర్చాల్సినంత మానసిక సమస్యలు ఈ మందు వల్ల పెరిగినట్లు తేలలేదనీ చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది. కనుక భయపడి మంచి మందును పారేయమని నేను చెప్పడం లేదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. కొత్త దేశం వచ్చిన పిల్లవాడు రాత్రి ఉలిక్కిపడి లేచి ఏడిస్తే తాతయ్య మీద బెంగ అంటాము. స్కూల్లో ఎవరినో తోశాడని టీచరు కబురు పంపితే భాష రాక ఉక్రోషం అంటాము. అన్నం ముట్టకపోతే ఇక్కడి తిండి పడలేదంటాము, ఫోనులో అమ్మమ్మ దిష్టి తీయమంటుంది. ఇవన్నీ నిజమూ కావచ్చు. కానీ ప్రతి మార్పుకూ ఒక కారణం చేతిలో సిద్ధంగా ఉన్న ఇంట్లో, రోజూ రాత్రి వేసే చిన్న మాత్ర మీదికి ఎవరి దృష్టీ పోదు. పైగా ఈ దేశంలో వసంతంలో ఓక్ చెట్ల పుప్పొడి, ఆగస్టు నుంచి రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి గాలిని నింపుతాయి. స్కూళ్ళు తెరిచే రోజులూ తుమ్ముల రోజులూ ఒకేసారి రావడంతో, కొత్త తరగతీ కొత్త మాత్రా ఒకే వారంలో మొదలవుతాయి.

అందుకని అన్నిటికన్నా అక్కరకొచ్చే పని చాలా చిన్నది. మాత్ర మొదలుపెట్టిన తేదీని క్యాలెండరు మీద రాయండి, ఆ తరువాత నిద్రలోనూ కోపంలోనూ కనిపించిన మార్పులను ఏ రోజుకా రోజు ఒక్కొక్క ముక్కగా రాస్తూ పోండి. బెంగకు సాధారణంగా ఒక సందర్భం ఉంటుంది. ఫోను పెట్టేశాకనో, పండగ రోజునో ఎక్కువై, స్నేహితులు దొరికాక నెమ్మదిస్తుంది. మాత్ర మొదలైన కొద్ది రోజుల్లోనే వచ్చి, సందర్భంతో పని లేకుండా సాగే మార్పునైతే డాక్టరు దృష్టికి తీసుకువెళ్ళాలి. ఇది కచ్చితమైన పరీక్షేమీ కాదు, అనుమానించడానికి ఒక ఆధారం మాత్రమే.

అనుమానం వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుతో మాట్లాడాలన్నది ఎఫ్‌డీఏ సూచన. ఉబ్బసం కోసం వాడుతున్న పిల్లలైతే, బదులుగా ఏం వాడాలో అదే రోజు అడిగి తెలుసుకోవాలి; ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు చేతికి అందేచోట ఉండాలి. మన దగ్గర సాల్బ్యూటమాల్ అనే మందును ఇక్కడ ఆల్బ్యూటరాల్ అంటారు, రెండూ ఒకటే. తుమ్ములకు మాత్రమే అయితే సెటిరిజిన్, లోరాటడిన్ మాత్రలు, ఫ్లూటికసోన్ ముక్కు స్ప్రే చీటీ లేకుండానే దొరుకుతాయి, కానీ ఏది ఏ వయసుకు ఎంత అన్నది ఫార్మసిస్టును అడగండి. ఫార్మసిస్టుతో మాట్లాడడానికి రుసుము ఉండదు. ఈ సంగతి తెలియక మొదటి ఏడాదంతా మందులు తీసుకుని తలవంచుకుని వచ్చేసేవారు మనలో ఎక్కువ.

తెచ్చుకున్న మాత్రల గురించి ఒక మాట. డాక్టరు ఏం వాడుతున్నారని అడిగినప్పుడు ‘ఏదో ఎలర్జీ మాత్ర’ అనకండి. ఇండియాలోని బ్రాండు పేర్లు ఇక్కడివారికి తెలియవు కనుక, షీటు వెనుక ముద్రించిన అసలు మందు పేర్లూ మిల్లీగ్రాములూ చదివి చెప్పండి, లేదా షీటునే చూపించండి. ఇక్కడి డాక్టరు మాంటెలుకాస్ట్ రాసినప్పుడు, ఇంట్లోని మాత్రలో అదే ఉందని గమనించక రెండూ వేసే ప్రమాదం ఉంది. రెండు నుంచి అయిదేళ్ళ పిల్లలకు రోజుకు 4 మిల్లీగ్రాములు, ఆరు నుంచి 14 ఏళ్ళవారికి 5, ఆపై వయసువారికి 10 అన్నది లేబులు మీది మోతాదు. పెద్దల మాత్రను విరిచి పిల్లలకు వేయడం సరికాదు.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు, రాత్రిళ్ళు పిల్లవాడి పక్కన పడుకునే నాన్నమ్మో అమ్మమ్మో ఇంట్లో ఉంటే ఆవిడను తీసుకువెళ్ళండి. నిద్రలో జరిగేదానికి ఆవిడే సాక్షి. ఆవిడకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు పొందే ఆసుపత్రులు, క్లినిక్‌లు ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలన్న నిబంధన ఉంది, తెలుగు కావాలని ముందే చెప్పి ఉంచాలి. ఆ పని పిల్లవాడి చేతో, వాడి అక్క చేతో చేయించకండి.

పిల్లలు గానీ పెద్దలు గానీ చనిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో అన్నా అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవారికి సాయపడే 988కి ఫోను చేయవచ్చు, ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉంటే అత్యవసర నంబరు 911కి చేయాలి.

మీకు కలిగిన అనుభవాన్ని మీరే ఎఫ్‌డీఏకు తెలియజేయవచ్చు. దాని మెడ్‌వాచ్ విభాగం నంబరు 1-800-332-1088. వీసాపై ఉన్నవాళ్ళం, ప్రభుత్వానికి ఫిర్యాదు ఎందుకని కొందరు వెనుకాడతారు. మందు గురించిన నివేదికలో వీసా ప్రస్తావన అడగరు. ఇండియాలో ఉన్న బంధువులకు ఇటువంటిదే ఎదురైతే మందుల దుష్ఫలితాలను నమోదు చేసే అక్కడి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉంది.

మాత్ర పడలేదని డాక్టరు నిర్ధారిస్తే, ఆ సంగతిని పిల్లవాడి వైద్య రికార్డులో ‘పడని మందులు’ అన్న చోట రాయించండి, స్కూలు నర్సుకు ఇచ్చే ఆరోగ్య ఫారంలోనూ రాయండి. ఊరు మారి, ఇన్సూరెన్సు మారి, మరో డాక్టరు మళ్ళీ అదే మందు రాసే రోజు ఇక్కడ తొందరగానే వస్తుంది.