క్యాన్సర్ చికిత్స మొదలయ్యే ముందు ఖర్చు గురించి చూసుకోవాల్సినవి

రిపోర్టు రాగానే కంగారులో కాగితాల మీద సంతకాలు పెట్టేయకండి. చాలా క్యాన్సర్లలో ఖర్చు వివరాలు కనుక్కోవడానికి కొద్ది రోజుల వ్యవధి ఉంటుంది. కొన్ని రక్త క్యాన్సర్లలో మాత్రం ఉండదు, డాక్టర్ ఆగొద్దంటే ఆగకూడదు.

ముందు మొత్తం ఖర్చు అంచనా రాసివ్వమనండి. ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఒక్కటే కాదు, మధ్యలో స్కాన్లు, రక్త పరీక్షలు, తెల్ల రక్తకణాలు పడిపోతే వేసే ఇంజెక్షన్లు, ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ చేరాల్సి వస్తే అయ్యేది, ఇవన్నీ అందులో ఉన్నాయా అని ఒక్కొక్కటీ అడగండి, ఎందుకంటే కుటుంబాలు కుంగిపోయేది చాలాసార్లు ముందు చెప్పని ఈ ఖర్చుల దగ్గరే.

బీమా ఉంటే పాలసీ మీరే చదవండి. గది అద్దె పరిమితి ఎంత, ఇంట్లో వేసుకునే కీమో మాత్రలకు వర్తిస్తుందా, ముందస్తు అనుమతి కావాలా? ప్రీమియం గడువు దాటనివ్వొద్దు.

డాక్టర్ దగ్గర మొహమాటం వద్దు. ఈ మందుకి జెనరిక్ (అదే మందు, వేరే కంపెనీ తక్కువ ధరకి చేసేది) గానీ బయోసిమిలర్ (జీవకణాలతో తయారయ్యే మందుకి దాదాపు అలాగే పనిచేసే చవక రూపం) గానీ ఉందా అని అడగండి, కొన్ని రక్త క్యాన్సర్లకు వాడే ఇమాటినిబ్‌కి జెనరిక్, కొన్ని రొమ్ము క్యాన్సర్లకు వాడే ట్రాస్టుజుమాబ్‌కి బయోసిమిలర్ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌లో చాలామందికి 25 విడతల రేడియేషన్ బదులు 15 సరిపోతాయి, అంటే ప్రయాణాలూ పోయే జీతమూ తగ్గుతాయి.

ఆసుపత్రిలో సోషల్ వర్కర్ (డబ్బు సాయం లాంటి వాటికి దారి చూపే ఉద్యోగి) ఉంటే మొదటి వారమే కలవండి, అప్పులు ముదిరాక కాదు.

డబ్బు సరిపోక డోసు మానేయడం, మాత్ర సగం చేసి వేసుకోవడం అస్సలు వద్దు. ఆ ఇబ్బందేదో డాక్టర్‌కే చెప్పండి, మందు మార్చే దారి ఉండొచ్చు.