మెలికల ముగ్గును ఒకే గీతతో ముగించే లెక్క

ధనుర్మాసంలో తెల్లవారకముందే చెన్నై మైలాపూరు మాడ వీధుల్లో నడిస్తే, ఇంకా తడి ఆరని వాకిళ్లలో చుక్కల చుట్టూ అల్లుకున్న తెల్లని గీతలు కనిపిస్తాయి. తమిళులు సిక్కు కోలమనీ, మనం మెలికల ముగ్గనీ పిలిచే ఈ ముగ్గులో గీత చుక్కను తాకకూడదు, ఏ చుక్కనూ విడిచిపెట్టకూడదు, బయలుదేరిన చోటికే తిరిగి చేరాలి. ముగ్గంతా ఒకే గీతగా రావడం చేతి నైపుణ్యాన్ని బట్టి జరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెరంబూరులో మా అమ్మమ్మ పక్కన కూర్చుని చుక్కలు పెట్టే రోజుల్లో నేనూ అలాగే అనుకునేదాన్ని. నిజానికి చుక్కలు పెట్టడం పూర్తయ్యేసరికే ఎన్ని గీతలు రావాలో తేలిపోతుంది, అది మనకు నచ్చకపోతే మార్చుకునే ఉపాయమూ ఉంది.

మొదటిసారి నేల మీద కాకుండా గళ్ల కాగితం మీద పెన్సిలుతో వేయడం మంచిది. అడ్డంగా ఐదేసి చుక్కలతో మూడు వరుసలు, ఒకదాని కింద ఒకటి సూటిగా వచ్చేటట్లు ఎదురు చుక్కలుగా పెట్టాలి. ఒక మూల చుక్కకు బయటి వైపు నుంచి గీతను ఏటవాలుగా మొదలుపెట్టి, అడ్డంగానో నిలువుగానో పక్కపక్కనున్న రెండు చుక్కల సరిగ్గా నడుమ నుంచి దాటిస్తూ, అదే వాలులో ముందుకు తీసుకుపోవాలి. చివరి చుక్క దాటగానే, క్యారమ్ బోర్డు అంచుకు తగిలిన స్ట్రైకరు మళ్లినట్లు, గీత ఆ చుక్కను చుట్టి మళ్లీ లోపలికి రావాలి. పక్కపక్క చుక్కల ప్రతి జంట నడుమా గీత రెండుసార్లు వెళ్లి తనను తాను ఖండించుకునే చోటును ఇక్కడ కూడలి అందాం. మూడు, ఐదు చుక్కల ఈ ముగ్గులో 22 కూడళ్లు వస్తాయి, చెయ్యి ఎత్తకుండా ఒకే గీత అన్నిటినీ చుట్టి వస్తుంది.

ఇప్పుడు నాలుగు వరుసలు, వరుసకు ఆరేసి చుక్కలు పెట్టి అదే పద్ధతిలో గీస్తే, గీత సగం ముగ్గు మాత్రమే అల్లి మొదటి చోటికి చేరుకుంటుంది. మిగిలిన సగానికి రెండో గీత కావాలి. ఎదురు చుక్కల ముగ్గులో గీతల సంఖ్య, వరుసల సంఖ్యకూ వరుసలోని చుక్కల సంఖ్యకూ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకమే. కారణం లెక్క కట్టి చూడవచ్చు. గీత ఒక కూడలి నుంచో, అంచు మలుపు నుంచో తరువాతి కూడలికో, అంచు మలుపుకో వెళ్లడాన్ని ఒక అడుగు అనుకుంటే, ముగ్గు మొత్తంలోని అడుగులు చుక్కల సంఖ్యకు నాలుగు రెట్లు ఉంటాయి. ఒక్క గీత అడ్డంగానూ నిలువుగానూ తన రాకపోకలను ఒకేసారి ముగించుకున్నప్పుడే మొదటికి వస్తుంది కనుక, దాని అడుగులు ఆ రెండు సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజానికి నాలుగు రెట్లు అవుతాయి. నాలుగు, ఆరు చుక్కల ముగ్గులో మొత్తం 96 అడుగులుంటే ఒక గీత 48 అడుగులకే ముగుస్తుంది, అందుకే రెండు గీతలు. అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుకలో వేలితో గీసే సోనా చిత్రాలలోనూ ఇదే నియమం పనిచేస్తుంది, వాటిని మొజాంబిక్ గణితవేత్త పౌలుస్ గెర్డెస్ విస్తారంగా పరిశీలించారు. మన దగ్గర, తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో, ముగ్గుల అల్లికకు భాషకున్నట్లే వ్యాకరణాన్ని రాయవచ్చని చూపే పరిశోధన పత్రాన్ని ప్రచురించారు.

అపార్టుమెంటు గుమ్మం ముందు సాధారణంగా మూడు వరుసలు, మూడేసి చుక్కల ముగ్గుకే చోటుంటుంది. దానికి భాజకం మూడు కనుక మూడు గీతలు వస్తాయి: ఎదురెదురు మూలలను కలిపే రెండు వాలుల వెంట రెండు పొడవాటి గీతలు, మూల మీద నిలిపిన చతురస్రంలా మరొకటి. వీటిని ఒకటిగా చేయడానికి కూడలిని విప్పాలి. ఒకదాన్నొకటి ఖండించుకునే రెండు గీతలను ఖండించుకోనివ్వకుండా, ఏ వైపు నుంచి వచ్చిన గీతను ఆ వైపు చుక్క దగ్గరికే వంచి వెనక్కి మళ్లించాలి. విప్పిన కూడలిలో రెండు వేర్వేరు గీతలు ఉండి ఉంటే అవి తప్పకుండా ఒకటవుతాయి. రెండూ ఒకే గీతలోని భాగాలైతే మాత్రం జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఒక విధంగా విప్పితే గీత రెండుగా చీలుతుంది, మరో విధంగా విప్పితే ఒకటిగానే నిలుస్తుంది.

కాబట్టి మూడు గీతలను కలపడానికి రెండు కూడళ్లు చాలు. పై వరుసలోని రెండు కూడళ్లనూ విప్పండి, ముగ్గు ఒకే గీత అవుతుంది. కానీ పైభాగం వదులుగా, కిందిభాగం బిగుతుగా కనిపించే ఆ ముగ్గు నా కంటికి అసంపూర్ణంగానే ఉంటుంది. కింది వరుసలోని రెండు కూడళ్లను కూడా అదే విధంగా విప్పితే ఎడమ కుడీ, పైనా కిందా ఒక్కలా కుదురుతాయి, గీత కూడా చీలదు. నమ్మకం కోసం కాగితం మీద వేలితో నడిచి చూడండి: సరిగ్గా 36 అడుగులకు మొదటికి చేరతారు. ఉత్సాహం కొద్దీ పన్నెండు కూడళ్లనూ ఇలాగే విప్పేస్తే మెలిక పోయి, చుక్కకొక సున్నా చొప్పున తొమ్మిది సున్నాలు మిగులుతాయి.

ఒక వరుస చుక్కల సందుల్లో తరువాతి వరుస చుక్కలు వచ్చే సందు చుక్కల ముగ్గులకు భాజకం లెక్క వర్తించదు, అక్కడ వేలితో నడిచి గీతలను లెక్కపెట్టుకోవలసిందే. కూడలి విప్పే నియమం మాత్రం అక్కడా చెల్లుతుంది.

నేల మీద వేసేటప్పుడు చుక్కల మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచి, విప్పవలసిన కూడళ్ల దగ్గర చుక్కల నడుమ ముందుగానే చిన్న నిలువు గుర్తు పెట్టుకోవాలి. గీత ఆ గుర్తు దగ్గరికి రాగానే దాన్ని దాటకుండా వెనక్కి మళ్లాలి. ముగ్గు పూర్తయిన తరువాత తడి వేలితో ఆ గుర్తులను తుడిచేయవచ్చు.