ఆరుగురం, మూడు కార్డులు: ఇంటిల్లిపాదితో విమానాశ్రయ లాంజ్‌కు వెళ్ళేవారికి

మా మామయ్య గారు పెళ్ళికి వెళ్తే ముందు వంటలవైపు ఒకసారి చూసి వస్తారు. ఎన్ని బంతులు లేవాలి, మనకు ఏ బంతిలో చోటు దొరుకుతుంది, ఈలోగా పిల్లలకు ఏమైనా పెట్టాలా అన్న లెక్క తేలాకే కుర్చీలో కూర్చుంటారు. విమానాశ్రయంలో హాయిగా కూర్చుని తినడానికి వేరుగా ఉండే గది లాంజ్. దాని విషయంలో మేము ఆ లెక్క వేసుకోకుండా వెళ్ళాం. గత దసరా సెలవుల్లో కాశీ ప్రయాణం అది. తప్పులన్నీ మేమే చేసి వచ్చాం కాబట్టి, మీరు చేయకుండా ఉండడానికి రాస్తున్నాను.

ముందు మా ప్రయాణం చెప్తే మిగతాది అర్థమవుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర తెల్లవారుజామున నాలుగింటికి కారెక్కాం. విశాఖలో ఎనిమిదిన్నరకు హైదరాబాదు విమానం. శంషాబాదులో నాలుగు గంటల నలభై నిమిషాలు ఆగి మధ్యాహ్నం వారణాసి విమానం ఎక్కాలి. అత్తయ్య గారు, మామయ్య గారు, మా ఆయన, నేను, పదకొండేళ్ళ అమ్మాయి, ఆరేళ్ళ అబ్బాయి, వెరసి ఆరుగురం. "మధ్యలో ఎంతసేపున్నా బెంగ లేదు, కార్డు ఉంది, అందరం లాంజ్‌లో కూర్చుందాం" అని మా ఆయన వారం ముందునుంచే అభయమిచ్చారు.

ఆ కార్డు అన్నమాట దగ్గరే మొదలుపెడదాం. భద్రతా తనిఖీ దాటాక లోపల ఉండే లాంజ్‌లోకి వెళ్ళడానికి దారులు ఇవి: బిజినెస్ క్లాసు టికెట్టు, ప్రయారిటీ పాస్ వంటి సభ్యత్వం, బ్యాంకు ఇచ్చిన క్రెడిట్ లేదా డెబిట్ కార్డు, లేదంటే చేతిలోంచి డబ్బు. మనబోటి వాళ్ళం ఎక్కువగా నమ్ముకునేది కార్డునే. 1939లో న్యూయార్క్ లగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్మిరల్స్ క్లబ్ అనే లాంజ్ పెట్టినప్పుడు, పిలిచిన పెద్దమనుషులకే అందులోకి ప్రవేశమట. ఇప్పుడు పింఛను ఖాతా కార్డుతో మా మామయ్య గారు కూడా వెళ్తున్నారు. అది సంతోషమే. అయితే ఒక కార్డు సాధారణంగా ఒక్క మనిషినే లోపలికి పంపుతుంది. కార్డు మీద ఎవరి పేరుంటే బోర్డింగ్ పాసు మీదా ఆ పేరే ఉండాలి. భార్యకూ పిల్లలకూ అదే కార్డు పనిచేస్తుందన్నది మా ఆయన నమ్మకం. చాలామంది మగవాళ్ళది అదే నమ్మకమని లాంజ్ గుమ్మం దగ్గర నిలబడి ఉండగా తెలిసింది.

కాబట్టి బయలుదేరడానికి వారం ముందు ఇంట్లో ఉన్న కార్డులన్నీ బల్లమీద పరవండి. ఒక కాగితం మీద మనుషుల పేర్లు రాసి, ఎదురుగా కార్డు రాయండి. ఎవరి ఎదురుగా ఏమీ లేదో వాళ్ళ కోసమే అసలు ఆలోచన. తర్వాత ఒక్కో కార్డుకు బ్యాంకు యాప్‌లో గానీ ఫోను చేసి గానీ నాలుగు సంగతులు తెలుసుకోండి.

మొదటిది, ఆ విమానాశ్రయంలో ఏ లాంజ్‌లో ఆ కార్డు చెల్లుతుంది? దేశీయ లాంజ్‌లో చెల్లేది అంతర్జాతీయ లాంజ్‌లో చెల్లకపోవచ్చు. రెండోది, మూడు నెలలకు ఎన్నిసార్లు? నా రూపే డెబిట్ కార్డుకూ మామయ్య గారి కార్డుకూ ఒక్కసారే అని చెప్పారు. ఆ మూడు నెలలు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలతో మొదలవుతాయి. మూడోది, ఖర్చు షరతు. కొన్ని క్రెడిట్ కార్డులకు అంతకుముందు మూడు నెలల్లో ఇంత ఖర్చు చేసి ఉంటేనే ప్రవేశం ఇస్తారు. నాలుగోది, ప్రవేశం కార్డుతోనా, లేక యాప్‌లో ముందుగా తీసుకునే కోడ్‌తోనా? ఇవన్నీ కిందటేడాది తెలుసుకున్నాం కదా అని ఊరుకోకండి. దేశంలో చాలా బ్యాంకుల కార్డులకు లాంజ్‌లతో లంకె వేసిన డ్రీమ్‌ఫోక్స్ సంస్థ 2025 సెప్టెంబరులో దేశీయ లాంజ్ సేవలను ఆపేసింది. నిన్న చెల్లిన దారి ఇవాళ మూసుకుపోవచ్చు.

పిన్ నంబరు సంగతి మరిచాను. ప్రవేశం ఉచితమే అయినా కార్డు సరైనదో కాదో చూడడానికి రెండు రూపాయలు తీసుకుంటారు, కొన్ని కార్డులకు ఇరవై అయిదు. దానికీ పిన్ కొట్టాలి. మామయ్య గారు ఏటీఎం మెట్లెక్కి ఎరగరు, ఆ పని కొడుకుదే. యంత్రం ముందుకు జరిపి "పిన్ కొట్టండి సార్" అని లాంజ్ గుమ్మం దగ్గరి ఉద్యోగిని అనేసరికి ఆయన నావైపు చూశారు, నేను మా ఆయనవైపు చూశాను. ఇంకొకటి, ఎప్పుడూ ఏటీఎంలో తప్ప వాడని కార్డయితే దుకాణాల్లో చెల్లించే సదుపాయం ఆపేసి ఉండొచ్చు. ఇంటి దగ్గరే మందుల షాపులో ఒకసారి వాడి చూడండి.

సామాను సంగతి చాలామందికి తెలిసిందే. ఆవకాయ సీసా పెద్ద పెట్టెలోకి, పవర్ బ్యాంకు హ్యాండ్ బ్యాగులోకి. కొబ్బరికాయ గురించి మాత్రం చెప్పాలి. అత్తయ్య గారు అరసవల్లి సూర్యనారాయణస్వామి దగ్గర పెట్టి తెచ్చిన కొబ్బరికాయను విశ్వనాథుడికి కొట్టాలని పసుపుగుడ్డలో కట్టి చేతిసంచిలో పెట్టుకున్నారు. విశాఖలో తనిఖీ దగ్గర సంచి ఆగింది. ఆ అధికారి తిట్టలేదు, విసుక్కోలేదు, రెండు చేతులతో అందుకుని పక్కన పెట్టారు. అత్తయ్య గారు మాత్రం హైదరాబాదు దాకా ఒక్క మాట మాట్లాడలేదు. చేతిసామానులో కొబ్బరికాయ రానివ్వరు. ఎండుకొబ్బరి అయితే పెద్ద పెట్టెలో కూడా వద్దు, నూనె ఉన్న సరుకు కాబట్టి మంట అంటుకునే భయం. కాయ కాశీలోనే దొరుకుతుంది.

రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉంటే పెద్ద పెట్టెలు చివరి ఊరికే వెళ్తాయి. విశాఖలోనే రెండు బోర్డింగ్ పాసులూ తీసుకుని, శంషాబాదులో దిగాక ట్రాన్స్‌ఫర్ బోర్డు చూసుకుంటూ నడిస్తే మళ్ళీ తనిఖీ చేసి లోపలికి పంపుతారు. విడివిడి టికెట్లయితే బయటికి వచ్చి, పెట్టెలు తీసుకుని, మళ్ళీ మొదటినుంచీ రావాలి. అలాంటప్పుడు మూడు గంటల వ్యవధి ఉన్నా లాంజ్ మీద ఆశ పెట్టుకోకండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళుంటే చక్రాల కుర్చీ సంగతి టికెట్టు కొన్నప్పుడే విమాన సంస్థకు చెప్పాలి. మేము అది మాత్రం సరిగ్గా చేశాం. కానీ కుర్చీ తోసే కుర్రాడు లాంజ్ గుమ్మం దగ్గర దింపి వెళ్ళిపోతాడు, అతనికి ఇంకా నలుగురుంటారు. మళ్ళీ ఎన్నింటికి రావాలో అప్పుడే చెప్పి, ఫోను నంబరు అడిగి ఉంచుకోండి. ఆ ఒక్కటి మరిచి, చివర్లో అత్తయ్య గారిని నేనూ మా ఆయనా చెరో రెక్కా పట్టుకుని గేటు దాకా నడిపించాం.

ఇక వేళ. లాంజ్‌లో సాధారణంగా రెండు మూడు గంటలే కూర్చోనిస్తారు. గడియారం కార్డు పెట్టిన క్షణం నుంచి నడుస్తుంది. ఒకసారి బయటికి వస్తే మళ్ళీ రానివ్వరు, అందువల్ల పిల్లాడికి విమానాలు చూపించి తీసుకొస్తానంటే కుదరదు. అంత వ్యవధి ఉన్నప్పుడు దిగగానే పరుగెత్తకండి. మాది మధ్యాహ్నం రెండున్నర విమానం. గేటు బయలుదేరే సమయానికి 20, 25 నిమిషాల ముందే మూసేస్తారు. చాలా విమానాశ్రయాల్లో ఇప్పుడు పిలుపులు కూడా ఉండవు, ఎవరి తెర వాళ్ళు చూసుకోవాల్సిందే. వెనక్కి లెక్కేస్తే ఒంటిగంటా ఇరవైకి లేవాలి, పదకొండుంపావుకో పదకొండున్నరకో లోపలికి వెళ్ళాలి. మేమేమో పదిన్నరకే గుమ్మం దగ్గరున్నాం.

అక్కడ జరిగింది ఇది. వరసలో ఇరవై మంది దాకా ఉన్నారు, అచ్చం మొదటి బంతి కుర్చీల వెనక రెండో బంతి వాళ్ళు నిలబడ్డట్టు. మా వంతు వచ్చింది. నా కార్డు పలికింది. మామయ్య గారి కార్డు, కొడుకు పిన్ కొట్టాక, అదీ పలికింది. అభయమిచ్చిన కార్డు పలకలేదు. "దీనికి అర్హత చూపించడం లేదు సార్" అన్నదా ఉద్యోగిని. మా ఆయన పక్కకు వెళ్ళి బ్యాంకుకు ఫోను చేశారు. ఆగస్టులో ఇదే కార్డుతో ఆరుగురి టికెట్లూ కొన్నానని, ఎనభై వేల పైమాటని గట్టిగానే చెప్తున్నారు. అవతలి వాళ్ళు చెప్పింది పావుగంటకు మాకు అర్థమైంది. సెప్టెంబరు 28న లాంజ్‌కు వెళ్తే చూసేది అంతకుముందు ముగిసిన మూడు నెలల లెక్క, అంటే ఏప్రిల్, మే, జూన్ ఖర్చు. ఆ మూడు నెలలూ ఆ కార్డు బీరువాలో నిద్రపోయింది.

డబ్బు కట్టి వెళ్ళొచ్చు. మనిషికి వెయ్యి దాటింది, ఆరేళ్ళ పిల్లాడికీ అదే రేటన్నారు. చాలాచోట్ల రెండేళ్ళలోపు పిల్లలకే ఉచితం. అప్పుడు ఆలోచించాను. ఈ ఆరుగురిలో లాంజ్ అవసరం ఎవరికి? తెల్లవారుజామున మూడింటికి లేచి, చన్నీళ్ళ స్నానం చేసి, మోకాళ్ళు పట్టేసి, దగ్గరలో మరుగుదొడ్డి ఉందో లేదో అని మంచినీళ్ళు కూడా తాగని అత్తయ్య గారికి. ఆవిడ పేర ఏ కార్డూ లేదు. ఆవిడ ఒక్కరికీ డబ్బు కట్టాం. మా ఆయన, పిల్లలు గేటు దగ్గర కూర్చుని ఇంటి పులిహోర తిన్నారు. మా అమ్మాయి ఇప్పటికీ ఆ పులిహోర సంగతి ఎత్తుతూ ఉంటుంది.

లోపల భోజనం గురించి ఎక్కువ ఊహించుకోకండి. పదిన్నర దాటితే ఇడ్లీ, ఉప్మా పాత్రలు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళిపోతాయి, అన్నం వచ్చేసరికి ఇంకో గంట. మేము సరిగ్గా ఆ సందులో పడ్డాం. ఫలహారం ఎన్నింటికి తీస్తారు, భోజనం ఎన్నింటికి పెడతారు అని గుమ్మం దగ్గరే అడగండి. తినేది కొంచెం కొంచెంగా పెట్టుకోండి. బయటినుంచి తెచ్చినవి లోపల విప్పనివ్వరు, లోపలివి మూటకట్టుకోనివ్వరు. అయితే అడిగితే ఇస్తారు. అత్తయ్య గారు ఉల్లి, వెల్లుల్లి తినని రోజది. ఏం కావాలని అడిగిన కుర్రాడితో "బాబూ, కాసిని వేడిపాలు దొరుకుతాయా?" అన్నారు. అతను తెచ్చిన పాలను పింగాణీ కప్పులోంచి తన స్టీలు గ్లాసులోకి వంచుకుని, అరటిపండు ఒలుచుకుని, కాళ్ళు పైకి పెట్టుకునే వాలుకుర్చీలో వాలారు. కొబ్బరికాయ పోయాక ఆవిడ నోరు విప్పింది అప్పుడే. "అమ్మాయ్, ఇక్కడ బాత్‌రూమ్ మన హాలంత ఉంది, నువ్వూ వెళ్ళిరా."

మామయ్య గారికి ఇంకో బెంగ ఉండేది, పొందూరు ఖద్దరు పంచె, తోలు చెప్పులతో లోపలికి రానిస్తారా అని. ఎవరూ చూడను కూడా లేదు. ఆయన ఛార్జింగ్ ప్లగ్గు పక్క సోఫా చూసుకుని అందరి ఫోన్లూ పెట్టించుకుని కాపలా కూర్చున్నారు. పెద్దాయనకు ఒక పని అప్పగిస్తే లాంజ్‌లో కూడా తోస్తుంది.

కార్డులు తక్కువై, వ్యవధి తక్కువై, పిల్లలు ఎక్కువైతే లాంజ్ మానుకోవడమే మేలని నా అభిప్రాయం. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు పౌరవిమానయాన మంత్రిగా 2024 డిసెంబరులో కోల్‌కతా విమానాశ్రయంలో తక్కువ ధరల ఉడాన్ యాత్రి కేఫ్ ప్రారంభించారు. అప్పట్లో అక్కడ పది రూపాయలకు టీ, పదికి మంచినీళ్ళ సీసా, ఇరవైకి సమోసా. మీరు ఆగే చోట అలాంటిది ఉందేమో వాకబు చేయండి. లాంజ్‌లో ఒక్క మనిషికి కట్టే సొమ్ముతో ఆరుగురం టీ తాగి, తలా రెండు సమోసాలు తిని, ఇంకా ఇంటికి మిఠాయి కొనొచ్చు.

తిరుగు ప్రయాణం అక్టోబరు 2న. హైదరాబాదులో మధ్యన రెండు గంటల పది నిమిషాలే. నా కార్డుకూ మామయ్య గారి కార్డుకూ కొత్త మూడు నెలలు మొదలయ్యాయి కాబట్టి మళ్ళీ చెల్లుతాయి. కానీ ఇంత కొద్దిసేపటికి అత్తయ్య గారికి వెయ్యి రూపాయలు కట్టడం దండగ, ఆవిడ లేకుండా ఆయన కదలరు. అందరం గేటు దగ్గరే కూర్చున్నాం. మా ఆయన కాసేపు జేబు తడుముకుని, "ఇప్పుడే వస్తా" అని లేచారు. ఆగస్టు టికెట్ల ఖర్చు ఇప్పుడు లెక్కలోకి వచ్చి ఉంటుందని ఆయన అనుమానం.

పావుగంటకు వచ్చారు, మీసానికి నురగతో. "పలికింది" అన్నారు. "రెండు రూపాయలకు కాఫీ, అదీ రెండు కప్పులు."

మా అబ్బాయి ఆయన జేబులు వెతికాడు. ఏమీ లేవు, మూటకట్టుకోనివ్వరు కదా.