దస్త్రం ముగిసిన రోజే గడువు రాయాలి: కార్యాలయ రికార్డుల నిర్వహణ

ఒక దస్త్రాన్ని ఎంతకాలం ఉంచాలన్నది దానిని ముగించే రోజునే, ఆ వ్యవహారం నడిపిన వారి చేతనే నిర్ణయింపజేయాలి. రికార్డు గది నిండిపోయాక ఏరడానికి కూర్చుంటే, ఆ కాగితాల విలువ తెలిసినవారు అప్పటికే బదిలీపైనో పదవీ విరమణతోనో వెళ్లిపోయి ఉంటారు. ఆంధ్ర ప్రాంతపు జిల్లా కార్యాలయాల్లో మద్రాసు కాలం నుంచి వస్తున్న పద్ధతి ఈ విషయంలో ఎంతో ముందుచూపు గలది. శాశ్వతంగా ఉంచవలసినదానికి ఆర్.డిస్. అని, పదేళ్ల తరువాత తీసివేయదగినదానికి డి.డిస్. అని ముగింపులోనే రాసేస్తారు. సహకార సంఘమైనా ప్రైవేటు కంపెనీ అయినా ఈ పద్ధతిని నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

అందుకోసం మీ సంస్థలో పుట్టే కాగితాల రకాలన్నిటికీ ఒక పట్టిక వేసి, ఒక్కొక్కదాని ఎదుట గడువునూ దానికి ఆధారమైన నిబంధననూ రాయండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను కనీసం 8 ఆర్థిక సంవత్సరాలు, జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. స్థలం దస్తావేజులు, తీర్మానాల పుస్తకాలు శాశ్వత కోవలోకి వస్తాయి. కోర్టు వ్యాజ్యమో ఆడిట్ అభ్యంతరమో తేలని దస్త్రాన్ని గడువు తీరినా కదపరాదు. ప్రభుత్వ కార్యాలయాలైతే రికార్డులను వర్గీకరించి సూచిక తయారుచేయాలని 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షను నిర్దేశిస్తోంది.

కట్ట కట్టేముందు గుండుసూదులు, క్లిప్పులు తీసివేయండి, ఎందుకంటే తుప్పు మరక క్రమంగా కాగితాన్నే తినేస్తుంది. నూలు నాడాతో వదులుగా కట్టి, నేలకు జానెడు ఎత్తున, గోడకు ఆనకుండా ర్యాకులో పెట్టండి. చెమ్మ, చెదలు ముందుగా పట్టేది గోడవైపు నుంచే. చిరిగిన పాత పత్రానికి సెల్లో టేపు అంటించడం మేలు చేసినట్టు కనిపించినా, దాని జిగురు మరకను తరువాత ఎవరూ సులభంగా తీయలేరు.

స్కాన్ చేసిన ప్రతికి అసలు దస్త్రం సంఖ్యనే పేరుగా పెట్టండి. శాశ్వత పత్రాల అసలును మాత్రం పారేయవద్దు. ర్యాకు నుంచి దస్త్రం తీసినప్పుడల్లా, ఎవరు, ఏ తేదీన తీసుకున్నారో రాసిన చీటీని ఆ ఖాళీలో ఉంచడం తప్పనిసరి చేయండి. చాలా కార్యాలయాల్లో పోయాయనుకునే దస్త్రాలు నిజానికి ఎవరో ఒకరి బీరువాలోనే ఉంటాయి.

గడువు తీరినవాటిని ఏటా ఒకసారి, అధికారి సంతకంతో, జాబితా ప్రకారం ముక్కలు చేయించి, సంఖ్య, విషయం, తేదీలను తొలగింపు రిజిస్టరులో ఎక్కించండి. ఆ రిజిస్టరును శాశ్వతంగా భద్రపరచండి.