కిటీ కీన్ లాంటి పాత రేడియో సీరియల్స్ ఎలా వినాలంటే

అమెరికాలో 1937 నుంచి 1941 దాకా రేడియోలో కిటీ కీన్, ఇంక్ అని ఒక డైలీ సీరియల్ వచ్చేది, ఒకప్పుడు స్టేజి షోల్లో చేసిన ఆవిడ సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకుని నడిపే కథ. ఇలాంటివి కొత్తగా వినేవాళ్ళు క్రైమ్ థ్రిల్లర్ అనుకుని మొదలుపెట్టి, రెండు ఎపిసోడ్లకే ఏం జరగట్లేదని ఆపేస్తారు, నాకు నిజంగా బాధేస్తుంది. ఇది డిటెక్టివ్ కథ కంటే ముందు సోప్ ఒపేరా, అంటే రోజూ సాగే ఇంటి గొడవల సీరియల్. కేసు మెల్లగా కదుల్తుంది, మనుషుల గొడవలు మాత్రం రోజూ ఉంటాయి.

ముందుగా పాత ఆడియోలు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే సైట్‌లో సీరియల్ పేరుతో వెతకండి. ఆ కాలం డైలీ సీరియల్స్‌లో చాలా ఎపిసోడ్లు అసలు మిగల్లేదు, కాబట్టి మొదటి ఎపిసోడ్ కావాలని పట్టుబట్టొద్దు, ఏది దొరికితే అక్కణ్ణుంచే మొదలుపెట్టండి. ఏం ఫర్వాలేదు, నిన్నటిది మిస్సయిన వాళ్ళ కోసం అనౌన్సర్ మొదట్లోనే కథ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేస్తాడు. పేర్లు మాత్రం కాగితం మీద రాసుకోండి, ఎవరికి ఎవరేమవుతారో అని, మొహాలు కనపడవు కదా, ఒకేలాంటి గొంతులుంటే కలిసిపోతాయి. పైగా కిటీ పాత్రే బెవర్లీ యంగర్, గేల్ హెన్షా, ఫ్రాన్ కార్లన్ అని ముగ్గురు చేశారు, గొంతు మారితే కంగారు పడకండి.

ఒక్కో ఎపిసోడ్ 15 నిమిషాలే, రోజుకి ఒకటే వినండి. వరసపెట్టి వింటే చెప్పిందే చెప్తున్నట్టుంటుంది, ఎందుకంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి చొప్పున వినేవాళ్ళ కోసం రాసింది అది. శుక్రవారం ఎపిసోడ్ దొరికితే చివరి నిమిషం జాగ్రత్తగా వినండి, శని ఆదివారాలు గడిచి సోమవారం మళ్ళీ రేడియో పెట్టేలా ముడి అక్కడే వేస్తారు.

యాడ్స్ స్కిప్ చెయ్యొద్దు ప్లీజ్. ఈ షోకి డబ్బు పెట్టింది ప్రాక్టర్ అండ్ గాంబుల్, అమ్మింది డ్రెఫ్ట్ అనే డిటర్జెంట్, ఈ సీరియల్స్‌కి సోప్ ఒపేరా అన్న పేరు వచ్చిందే ఇలాంటి సబ్బు కంపెనీల వల్ల. వింటున్నది ఎవరని అనుకుని రాశారో యాడ్ వింటే తెలిసిపోద్ది.

ఫైల్ పేరులో ఉన్న తేదీని గుడ్డిగా నమ్మకండి, చాలాసార్లు తప్పుంటుంది. చివరిదాకా వింటే ఒక్కోసారి ఏ రేడియో నెట్‌వర్క్‌లో వచ్చిందో దొరుకుతుంది, వరసగా మూడు స్వరాలు గంట కొట్టినట్టు వినిపిస్తే ఎన్‌బీసీ, కొలంబియా పేరు చెప్తే సీబీఎస్. గరగర ఎక్కువగా ఉంటే ప్లేయర్‌లో ట్రెబుల్ (సన్నటి, కీచు శబ్దాల మోతాదు) కొంచెం తగ్గించండి, గరగర తగ్గుతుంది.

ఇంత నిదానం మీవల్ల కాదనిపిస్తే 1949లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మొదలైన క్యాండీ మాట్సన్ పట్టుకోండి, అదీ లేడీ డిటెక్టివ్ కథే కానీ సోప్ కాదు, అరగంటలో ఒక కేసు తేలిపోతుంది, ఏ వరసలో విన్నా ఇబ్బంది లేదు.